గోడమీద లేని వెండి పళ్ళెం

"పళ్ళెం ఎక్కడ పెట్టావు?" అని సీతాపతిగారు పదిహేడోసారి అడిగారు.

"ఏ పళ్ళెమండి?" అని ఏడుకొండలు పదిహేడోసారి అన్నాడు.

రెండు వాక్యాలనూ పదిహేడోసారి రాసుకున్నాను. విచారణ కార్యదర్శిగా నా పని అదే. గోడమీద గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది. పొద్దుట్నుంచీ అదే చూపిస్తోంది. నిన్న కూడా అదే చూపించింది.

తూర్పుతీర వర్తక బ్యాంకు, కాకినాడ మెయిన్‌రోడ్డు శాఖలో వెండి పళ్ళెం ఒకటి పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. గడచిన నూరేళ్ళలో ఏదో ఒక రోజు పోయి ఉంటుందని హెడ్డాఫీసు అంచనా. ఎంత బరువో తెలియదు. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళెవరూ బతికి లేరు. అయినా అది ఉండేదనడానికి తిరుగులేని సాక్ష్యం మాత్రం ఉంది. అది నా వెనక గోడకి వేలాడుతోంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, టేకు ఫ్రేము కట్టిన పాత ఫొటో.

"నీకింకా పదకొండు రోజుల సర్వీసుంది," అన్నారు సీతాపతిగారు. "నేరం రుజువైతే రిటైర్మెంటు ఉండదు. డిస్మిసల్ ఉంటుంది. దండా, శాలువా, వీడ్కోలు సభా ఏవీ ఉండవు. ఆలోచించుకో."

ఏడుకొండలు మా దఫ్తరీ. లెడ్జర్లూ, కుర్చీలూ, బల్లలూ, తాళాలూ అన్నీ అతని అధీనంలో ఉంటాయి. సామాను రిజిస్టరులో ప్రతి మార్చి నెలాఖరునా 'అన్నియు సరిగా ఉన్నవి' అని రాసి సంతకం పెట్టేది అతనే. అలా ముప్ఫై ఎనిమిదిసార్లు పెట్టాడు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు తాళాలు నా మొలకే ఉన్నాయండి," అన్నాడు. "ఒక్క గుండుసూది ఇంటికి పట్టుకెళ్ళలేదండి."

"గుండుసూదుల సంగతి తరవాత విడిగా విచారిస్తాం. రాసుకోండి హైమవతిగారూ. నిందితుడు తనంతట తానే గుండుసూదుల ప్రస్తావన తెచ్చాడు."

రాసుకున్నాను.

*

ఇదంతా నాలుగు నెలల క్రితం ఒక గాజుపలకతో మొదలైంది.

మా వీధి చివర స్టూడియో నడుపుతున్న కరీముల్లాగారు పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే, వాళ్ళ తాతగారు తీసిన ఫొటోల గాజుపలకలు బయటపడ్డాయి. ఆ రోజుల్లో ఫిల్ము లేదు కాబట్టి ఫొటో గాజుమీదే పడేది. అందులో ఒకటి మా బ్యాంకు హాలు లోపలి దృశ్యం. నూరేళ్ళ కిందటిది. బ్యాంకుకి కూడా సరిగ్గా నూరేళ్ళు నిండుతున్నాయి. కరీముల్లాగారు ముచ్చటపడి ఆ సంగతి బ్యాంకుకి చెప్పారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

హెడ్డాఫీసు వెంటనే వారసత్వ పరిరక్షణ విభాగం స్థాపించి, దానికి సీతాపతిగారిని డీజీఎంగా వేసింది. అంతకుముందు ఆయన ఆధునికీకరణ విభాగంలో ఉండేవారు. మా శాఖలోని పాత టేకు కౌంటర్లని పీకించి తుక్కు కింద అమ్మించింది ఆయనే. కనుక అవి ఎలా ఉండేవో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరని ఉత్తర్వులో రాశారు.

గాజుపలకనుంచి ఫొటో అచ్చువెయ్యడాన్ని కూడా ప్రారంభోత్సవం చేశారు. చైర్మన్ మార్తాండరావుగారు హైదరాబాదు నుంచి స్వయంగా వచ్చారు. ఆయన ఏడాదికి మూడువందల ప్రారంభోత్సవాలు చేస్తారు. చెయ్యబోయేవి గుర్తుంటాయి గాని, చేసినవి గుర్తుండవు. నాదస్వరం మధ్య, శాస్త్రిగారి మంత్రాల మధ్య, కొత్త స్కూటరుకి ఏమేం చేస్తారో ఆ గాజుపలకకి అన్నీ చేశారు. నిమ్మకాయలు తొక్కించడం ఒక్కటే కుదరలేదు. తరవాత చైర్మన్‌గారే పలకని అందుకుని అచ్చు ఫ్రేములో పెట్టారు. మర్నాడు పేపర్లో ఆయన బొమ్మ పడింది. మా మేనేజరు భుజంగరావుగారు దాన్ని కత్తిరించి, పటం కట్టించి, హాల్లో తగిలించారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

'చారిత్రక ఛాయాచిత్రమే ప్రమాణము. చిత్రమునందు గలది శాఖయందు ఉండవలెను. చిత్రమునందు లేనిది శాఖయందు ఉండరాదు. సందేహము కలిగినచో చిత్రమునే సంప్రదించవలెను.'

భుజంగరావుగారికి నాలుగు నెలల్లో ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. ఆయన ఆ సర్క్యులరుని కళ్ళకద్దుకున్నారు.

మొదట ఫ్యాన్లు పోయాయి. చిత్రంలో కప్పునుంచి గుడ్డ పంఖా వేలాడుతోంది కాబట్టి అలాంటిదే కుట్టించి కట్టించారు. దాన్ని లాగడానికి మనిషిని పెడదామా అని అడిగాను. "చిత్రంలో పంఖా కదలడం లేదు," అన్నారు సీతాపతిగారు. "కాబట్టి కదలరాదు." కాకినాడ మే నెలలో అది కదలకుండా వేలాడింది.

తరవాత గడియారం. చిత్రంలో అంకెలు మసకగా ఉన్నా ముళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒంటిగంట నలభై. గడియారాన్ని అక్కడ ఆపేశారు. మా బ్యాంకులో ఒంటిగంటన్నర నుంచి రెండు దాకా భోజన విరామం. ఎవరొచ్చినా గుమాస్తాలు గడియారం వైపు చూపించడం మొదలుపెట్టారు.

చిత్రంలో ఏడుగురు గుమాస్తాలున్నారు. మాకు నలుగురే. తుని నుంచి ఒకర్నీ, పెద్దాపురం నుంచి ఇద్దర్నీ డెప్యుటేషన్ మీద తెప్పించి కూచోబెట్టారు. వాళ్ళకి పని లేదు. చిత్రంలో ఆ ముగ్గురూ కలాలు పట్టుకుని ఉన్నారు కాబట్టి కలాలు మాత్రం ఇచ్చారు.

అప్పుడే అసలు సంగతి ఒకటి బయటపడింది. చిత్రంలో ఏడుగురూ ఎడంచేత్తో రాస్తున్నారు.

సీతాపతిగారు భూతద్దం పెట్టి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "మన పూర్వులకి ఎడమచెయ్యి పట్టింపు లేదన్న సంగతి దీనివల్ల లోకానికి మొదటిసారి తెలుస్తోంది," అన్నారు. "దీనిమీద సదస్సు పెడుతున్నాం. ఈలోగా సిబ్బంది అలవాటు చేసుకోవలెను."

"సార్, ఎడంచేత్తో పాస్‌బుక్కు ఇస్తే మొహమ్మీద కొడతారండి జనం," అన్నాడు గుమాస్తా సత్తిబాబు.

"చిత్రంలో ఎవరైనా కొడుతున్నారా?"

"లేదండి."

"అయితే కొట్టరు."

రెండో రోజున మార్కెట్టులో చేపల వ్యాపారం చేసే పోలమ్మ నిజంగానే కొట్టింది. మొహమ్మీద కాదు, చేతిమీద. ఎడమచేతిమీద. ఆ దెబ్బతో సత్తిబాబుకి మూడు రోజులు కుడిచేత్తో రాసుకునే అనుమతి దొరికింది. మిగతా ఆరుగురూ ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టారు. భుజంగరావుగారు ఎడంచేత్తో చేసిన సంతకాలు మాత్రం ఆయనవి కావని మా ఇతర శాఖలన్నీ కాగితాలు తిప్పి పంపేశాయి.

చిత్రంలో ఖాతాదారులు నలుగురు. ఒకాయన తలపాగాతో బెంచీమీద నిద్రపోతున్నాడు. అందుచేత హాల్లోకి ఒకేసారి నలుగుర్నే రానిచ్చేవారు. వాళ్ళలో ఒకరు నిద్రపోవాలి. రిటైర్డు రైల్వే గార్డు ధర్మారావుగారు ఆ పని సహజంగా చేసేవారు. మొదటి వారం ఆయన్నే నియమించారు. ఏటా జీవిస్తున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన మిగతా పెన్షనర్లు పక్షపాతమంటూ అర్జీ పెట్టాక, వరసక్రమం వేశారు.

గుమ్మం పక్కన డవాలీ వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఒక బంట్రోతు నిలబడి ఉన్నాడు చిత్రంలో. అతని నోరు తెరుచుకుని ఉంది. వచ్చినవాళ్ళ పేరు కేకవేసి చెబుతున్నాడని నిపుణులు తేల్చారు. ఆ వేషం ఏడుకొండలుకి పడింది. భుజంమీంచి నడుం దాకా అడ్డంగా ఎర్ర పట్టీ, మధ్యలో ఇత్తడి బిళ్ళ. ఎవరొచ్చినా కర్రతో నేలమీద మూడుసార్లు తాటించి, ఇంటిపేరుతో సహా చివరి కుర్చీకి వినిపించేలా పిలవాలి. మొదటి రోజు సిగ్గుపడ్డాడు. నాలుగో రోజుకి మెయిన్‌రోడ్డు అవతలి బట్టల కొట్లోవాళ్ళు కూడా మా బ్యాంకుకి ఎవరొస్తున్నారో చెప్పగలిగేవారు.

ఇక నా సంగతి. చిత్రంలో ఆడవాళ్ళు లేరు.

"మీరు శాఖలో ఉండరాదు," అన్నారు సీతాపతిగారు చాలా విచారంగా. "మీమీద నాకేమీ లేదు. చిత్రం."

"బ్యాంకు పని ఎవరు చేస్తారండి?"

ఆయన చిత్రాన్ని సంప్రదించారు. చాలాసేపు సంప్రదించి, చివరికి ఒక ఉపాయం చెప్పారు. కెమెరా పెట్టిన చోటికి ముందున్నది చిత్రంలోకి వస్తుంది, వెనకున్నది రాదు. కెమెరా వెనక ఏముండేదో చిత్రం చెప్పడం లేదు కనుక అక్కడ ఏమున్నా నిషేధం లేదు.

అలా మెట్లకింద పదడుగుల మూల నాకు దక్కింది. చిత్రంలో లేనివన్నీ, ఎవరూ తియ్యడానికి సాహసించని చైర్మన్‌గారి పేపరు పటం తప్ప, నాతోపాటే వచ్చాయి. కంప్యూటర్లు, ప్రింటరు, మంచినీళ్ళ క్యాను, టోకెన్లు, ఆడ ఖాతాదారులు, ఐదో ఖాతాదారు నుంచి తొంభయ్యో ఖాతాదారు దాకా. పనంతా అక్కడే జరిగేది. హాల్లో ఏడుగురు ఎడంచేత్తో గాల్లో రాస్తుండగా, మెట్లకింద నేను బ్యాంకు నడిపాను. హాల్లోవాళ్ళు తమ భంగిమలు సరిచూసుకోవడానికి వీలుగా ఆ పెద్ద ఫొటోని నా వెనక గోడకే తగిలించారు.

అసలు గొడవ స్ట్రాంగ్‌రూము దగ్గర వచ్చింది. మా స్ట్రాంగ్‌రూము హాలుకి కుడివైపున ఉంది. చిత్రంలో ఎడమవైపున ఉంది.

"తరవాతివాళ్ళు మార్చేశారు," అన్నారు సీతాపతిగారు. "చరిత్రకి జరిగిన ద్రోహం ఇది."

ఎడమగోడ అవతల కాజాల దుకాణం వంటిల్లు ఉంది. తాపీమేస్త్రీ రెండు ఇటుకలు పీకగానే పాకం వాసన వచ్చింది, వెనకే దుకాణదారు గరిటె వచ్చింది. చివరికి ఎడమగోడకి ఉత్తుత్తి ఇనపతలుపు బిగించి, కుడివైపు అసలు తలుపుమీద ప్లైవుడ్డు కొట్టి సున్నం వేశారు. స్ట్రాంగ్‌రూము తెరవాల్సినప్పుడల్లా వడ్రంగి రావాలి. ఉత్తుత్తి తలుపుని మాత్రం ఏడుకొండలు రోజూ రెండు తాళాలతో తీసి, రెండు తాళాలతో వేసేవాడు. దాని వెనక గోడ ఉంది.

ఆ తరవాతే పళ్ళెం కనిపించింది. చిత్రంలో, గుమ్మం పైన గోడమీద, జానెడు వెడల్పున గుండ్రంగా, తెల్లగా. మా గోడమీద అది లేదు. ఒక ప్రొఫెసరుగారు కారులో వచ్చి చూసి, ఏ జమీందారో బహూకరించిన వెండి పళ్ళెమని తేల్చి, భోంచేసి వెళ్ళారు.

"తెల్లగా ఉన్నంత మాత్రాన వెండేనాండి?" అన్నాడు ఏడుకొండలు. "పంచెలు కూడా తెల్లగానే ఉన్నాయి కదండి."

మర్నాటికి అతనికి ఛార్జిషీటు అందింది. అందులో నాలుగో ఆరోపణ, వెండి పంచెల గురించి వెటకారంగా మాట్లాడటం.

*

విచారణ వాయిదా పడ్డాక సీతాపతిగారు అతన్ని పక్కకి పిలిచారు. స్వరం మెత్తబడింది.

"చూడవయ్యా. నేను కఠినుణ్ణి కాను. శతాబ్ది ఉత్సవం గురువారం. చైర్మన్‌గారు దోషి పేరు సభలో ప్రకటించాలంటున్నారు, పారదర్శకత కోసం. ఎలాగూ పేర్లు కేకవేసేది నువ్వే. నీ పేరు నువ్వే గట్టిగా చదివెయ్యి. వయసుని బట్టి శిక్ష తగ్గించే విషయం సానుభూతితో పరిశీలిస్తాం."

"చెయ్యని దొంగతనం ఎలా ఒప్పుకోమంటారండి?"

"చెయ్యలేదని రుజువుందా?"

"పళ్ళెమే లేదు కదండి."

"అదే కదా ఆరోపణ," అన్నారు సీతాపతిగారు.

ఆయన వెళ్ళాక ఏడుకొండలు నా మూలకి వచ్చి మెట్టుమీద కూచున్నాడు. డవాలీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మేడంగారూ, మా నాన్న ఈ బ్యాంకుకి కావిడితో నీళ్ళు మోశాడండి," అన్నాడు. "నాకీ ఉద్యోగమొచ్చిన రోజు ఒకటే చెప్పాడు. ఇక్కడ దేనిమీదా చెయ్యెయ్యకురా, తుడిచేటప్పుడు తప్ప అని. పదకొండు రోజుల్లో తలెత్తుకుని బయటికెళ్దామనుకున్నానండి. ఇప్పుడు మెయిన్‌రోడ్డంతా వినపడేలా నేను దొంగనని నేనే అరవాలంట."

అప్పుడే కరెంటు పోయింది.

కంప్యూటరు తెర నల్లబడింది. నల్లటి తెరలో నా మొహం, నా వెనక గోడమీది ఫొటో కనిపించాయి. మొదట పట్టించుకోలేదు. తరవాత కళ్ళు అక్కడే ఆగిపోయాయి. తెరలో కనిపిస్తున్నది మా హాలు. నాలుగు నెలల క్రితంనాటి మా హాలు. స్ట్రాంగ్‌రూము కుడివైపున ఉంది. గుమాస్తాలు ఏడుగురూ కుడిచేత్తో రాస్తున్నారు. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. బ్యాంకు తెరిచిన ఇరవై నిమిషాలకి తీసిన ఫొటో.

వెనక్కి తిరిగి ఫొటో చూశాను. ఎడమచేతులు. ఒంటిగంట నలభై. మళ్ళీ తెర చూశాను.

"ఏడుకొండలూ, డవాలీ వేసుకో," అన్నాను. "స్టూడియోకి వెళ్ళాలి."

"ఇప్పుడాండి? డ్యూటీ టైమండి."

"గడియారం చూడు. భోజన విరామం."

*

కరీముల్లాగారు మా మాట పూర్తిగా వినకుండానే లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన పెట్టె తెచ్చారు.

"నాలుగు నెలల్నించి ఎవరైనా అడుగుతారేమోనని చూస్తన్నానమ్మా," అన్నారు. "పలకకి రెండు వైపులుంటాయి. నున్నగా మెరిసే వైపు గాజు. మసగ్గా ఉన్న వైపు బొమ్మ. మసక వైపు కాగితానికి ఆనించాలి, మెరిసే వైపు పైకుండాలి. తిరగేస్తే కుడి ఎడమైపోద్ది, ఎడమ కుడైపోద్ది."

"తిరగేసి పెట్టారా?"

"పెట్టేరు. నేను అక్కడే ఉన్నాను. అయ్యా, అటుకాదు అన్నాను. ఆయన పీఏ నా మోచెయ్యి గిల్లేడు. ముహూర్తం దాటిపోద్ది, ఆయన పెట్టిందే పైవైపు అన్నాడు."

ఏడుకొండలు పెట్టెలోకి వంగి చూస్తున్నాడు. "ఈ ఎర్రగా ఉన్నదేంటండి?"

పలకమీద మెరిసే వైపున రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు ఉంది. ఎండి, గట్టిపడి ఉంది.

"పూజలో పెట్టిన బొట్టు," అన్నారు కరీముల్లాగారు. "మసక వైపు పెడితే బొమ్మ పాడవుద్ది, ఇటు పెట్టండని నేనే చెప్పాను. ఆ మాట ఒక్కటి విన్నారు. తరవాత బొట్టున్న వైపే కాగితంమీద బోర్లించారు. ఎరుపులోంచి వెలుగు దిగదమ్మా. వెలుగు పడని కాగితం నల్లబడదు, అంతమేరా తెల్లగా మిగిలిపోయింది. దాన్నే ఎనిమిదడుగులకి పెంచారు మీవాళ్ళు."

"అంటే," అన్నాడు ఏడుకొండలు నెమ్మదిగా, "నేను కొట్టేసిన పళ్ళెం ఇదన్నమాట."

"ఇదే," అన్నారు కరీముల్లాగారు. "పెద్దవాళ్ళు పెట్టిన బొట్టు మనమెందుకు తుడవాలని వదిలేశాను."

"ఎవరండి పెట్టింది?" అన్నాడు ఏడుకొండలు.

కరీముల్లాగారు అతనివైపు చూసి నవ్వారు. "మీ హాల్లో పేపరు పటం కట్టి పెట్టుకున్నారుగా. ఉంగరపు వేలితో పెడతన్నారు చూడు."

*

భుజంగరావుగారు అంతా విన్నారు. లేచి తలుపు వేశారు. కిటికీ కూడా వేశారు.

"హైమవతిగారూ, మీరు చెప్పింది నేను వినలేదు," అన్నారు. "మళ్ళీ చెప్పకండి, మళ్ళీ వినకుండా ఉండటం కష్టం. సోమవారం నా ఇంటర్వ్యూ. బోర్డులో కూచునేది ఎవరో తెలుసా? ఆ వేలే."

"ఏడుకొండలు ఉద్యోగం పోతుందండి."

"ఎలాగూ పదకొండు రోజుల్లో పోతుంది కదమ్మా."

సీతాపతిగారికి ఫోను చేశాను. ఆయన ఓపిగ్గా విని, "మీ పరిశీలన అమూల్యమైనది," అన్నారు. "దాన్ని తగు సమయంలో తగు మార్గంలో తగు స్థాయికి తీసుకెళ్తాం. అయితే ఒకటి గమనించాలి. చిత్రమే తప్పంటే, చిత్రాన్ని చూసి చేసినవన్నీ తప్పవుతాయి. చేసినవాళ్ళు తప్పవుతారు. అంతమందికంటే ఒక్కడు తప్పవడం పరిపాలనాపరంగా మేలు."

ఆ వాక్యం కూడా రాసుకున్నాను. కార్యదర్శిని కదా.

తరవాత నా అధికారంలో ఉన్న పని ఒక్కటే చేశాను. ఉత్సవంలో ప్రదర్శించవలసిన వస్తువుల జాబితా తయారుచెయ్యడం నా బాధ్యత. దానిలో ఏడో వరసలో 'అసలు గాజుపలక, యజమాని కరీముల్లాగారి సమక్షంలో, చైర్మన్‌గారి కరకమలములకు అందించుటకై' అని చేర్చాను. కరకమలములు అన్న మాట ఉంటే ఆ జాబితాని హెడ్డాఫీసులో ఎవరూ కొట్టెయ్యరు. కొట్టెయ్యలేదు.

*

గురువారం హాలు కిటకిటలాడింది. గుమాస్తాలు ఏడుగురూ ఎడంచేతుల్లో కలాలతో, కదలని పంఖా కింద చెమటలు కక్కుతూ కూచున్నారు. ధర్మారావుగారు ఆ రోజుకి ప్రత్యేక అనుమతి మీద బెంచీమీద నిద్రపోయారు. విలేకరులు, ఇతర శాఖల మేనేజర్లు, ఊరి పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. గుమ్మం పక్కన ఏడుకొండలు డవాలీతో నిలబడి, వచ్చినవాళ్ళందర్నీ పిలిచాడు. అతని చేతిలో సీతాపతిగారు ఇచ్చిన చీటీ ఉంది. దానిమీద అతని పేరే రాసి ఉంది.

చైర్మన్‌గారు నలభై నిమిషాలు మాట్లాడారు. చరిత్రని ఎలా కాపాడాలో చెప్పారు. ఫొటో అబద్ధం చెప్పదని చెప్పారు. "ఈ గోడమీద ఉండాల్సిన వెండి పళ్ళెం మన పూర్వుల గౌరవం. దాన్ని మాయం చేసినవాడి పేరు ఈ సభలోనే ప్రకటిస్తాం. ఈ బ్యాంకులో దాపరికం లేదు."

సీతాపతిగారు ఏడుకొండలుకి సైగ చెయ్యబోతుండగా, నేను జాబితాలోని ఏడో వరస చదివాను. కరీముల్లాగారు పట్టుగుడ్డ పరిచిన పళ్ళెంలో గాజుపలకతో వేదికెక్కారు. చైర్మన్‌గారు దాన్ని అందుకుని కెమెరాలవైపు ఎత్తి పట్టుకున్నారు.

"ఈ ఎర్రమచ్చ ఏమిటి?"

"మీ వెండి పళ్ళెమండి," అన్నారు కరీముల్లాగారు.

మైకు ఆయన నోటికి దగ్గర్లోనే ఉంది. మిగతాది కూడా అందులోనే చెప్పారు. స్టూడియోలో మాకు చెప్పినంత నిదానంగా, పలకని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూపిస్తూ. ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు. ఆయన వ్యాపారం ఇంకా ఈ ఊళ్ళోనే చేసుకోవాలి.

హాల్లో ఒక చిన్న చప్పుడయింది. సత్తిబాబు కలాన్ని ఎడంచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకున్నాడు. పక్కవాడు కూడా మార్చుకున్నాడు.

"అంటే దొంగతనం జరగలేదా?" అన్నారు చైర్మన్‌గారు.

"జరగలేదనడానికి వీల్లేదు సార్," అన్నారు సీతాపతిగారు. "ఛార్జిషీటు ఇచ్చేశాం."

"సాంకేతిక లోపం సార్," అన్నారు భుజంగరావుగారు. "దీనికి బాధ్యులంటూ ప్రత్యేకంగా ఎవరూ..."

"ఎందుకుండరు?" చైర్మన్‌గారి మొహం ఎర్రబడింది. విలేకరులు రాసుకుంటున్నారు. ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు. "ఎవడో బుద్ధిలేనివాడు గాజుమీద బొట్టు పెట్టాడు. దాన్ని తిరగేసి బోర్లించాడు. నాలుగు నెలలపాటు మహత్తరమైన బ్యాంకుని ఎడంచేత్తో నడిపించాడు. నిరపరాధి అయిన ఒక ముసలి ఉద్యోగిని దొంగని చేశాడు. నేను దోషి పేరు ప్రకటిస్తానని మాటిచ్చాను. ఎవరతను?"

సీతాపతిగారు తన బూట్ల వైపు చూసుకున్నారు. భుజంగరావుగారు కదలని పంఖా వైపు చూశారు. నేను గోడమీది పేపరు పటం వైపు చూశాను. అందులో ఆయన గాజుపలకమీదికి వంగి, ఉంగరపు వేలు చాపి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వుతున్నారు. నాతోపాటు హాలంతా అటే చూసింది, ఒక్క ఆయన తప్ప. ఆ పటం సరిగ్గా ఆయన వెనక ఉంది.

"ఎవరికీ నోరు లేదా?" అన్నారు చైర్మన్‌గారు. "ఎంతటివాడైనా సరే వదలను. ఇక్కడ పేర్లు పిలిచే ఉద్యోగి ఎవరు? నువ్వేనా? నీకు తెలుసా అతనెవరో?"

"తెలుసండి," అన్నాడు ఏడుకొండలు.

"భయపడకు. నా హామీ. గట్టిగా చెప్పు. చివరి కుర్చీకి వినపడాలి."

ఏడుకొండలు చేతిలోని చీటీ చూసుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. డవాలీ సర్దుకున్నాడు. ఇత్తడి బిళ్ళని చొక్కా అంచుతో ఒకసారి తుడిచాడు. కర్రతో నేలమీద మూడుసార్లు తాటించాడు. ధర్మారావుగారికి మెలకువ వచ్చింది.

తరవాత అతను తల పైకెత్తి, మెయిన్‌రోడ్డు అవతలి బట్టల కొట్టుకి కూడా అందేలా పిలిచాడు.

"తూర్పుతీర వర్తక బ్యాంకు చైర్మన్, గౌరవనీయులు, శ్రీ గుడిమెట్ల మార్తాండరావుగారు."